ఆకాశంలో మన వాటా

బేగంపేటకు విమానాలు రాకముందే నక్షత్రాల లెక్కలు వచ్చాయి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే హైదరాబాదీ ప్రభువు సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన వేధశాల, ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు చేరింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. అక్కడ ఆకాశాన్ని ఫొటోలు తీసే 8 అంగుళాల టెలిస్కోపు ఒకటి ఉండేది. దానికి చేతినిండా పని దొరికింది పారిస్ వల్ల.

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు ఒక పెద్ద ఆశ పెట్టుకున్నారు. ఆకాశం మొత్తాన్ని ఫొటో తీయాలి, అందులో కనిపించే నక్షత్రాల స్థానాలు కొలవాలి, పట్టికలు అచ్చు వేయాలి. దాని పేరు 'కార్త్ ద్యు సియెల్'. ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు కాబట్టి ఆకాశాన్ని పట్టీలుగా విభజించి 18 వేధశాలలకు పంచారు. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ ముందుకు సాగలేదు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న ఆ పట్టీని హైదరాబాద్ నెత్తికెత్తుకుంది. రాబర్ట్ పోకాక్, ఆయన 1918లో మరణించాక టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. గాజు పలకల మీద పడిన ఒక్కో చుక్కనూ సూక్ష్మదర్శినిలో చూసి, కొలిచి, రాసుకోవడం: విసుగు పుట్టించే పని, ఏళ్ల తరబడి సాగే పని. ఆ తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయిన ఉత్తరపు పట్టీలోనూ కొంత భాగం హైదరాబాదే చేసింది. మొత్తం 12 సంపుటాలు, 7 లక్షలకు పైగా నక్షత్రాలు.

ఈ శ్రమ ఏమైంది? చాలాకాలం ఏమీ కాలేదు. ప్రపంచ వేధశాలలన్నీ కలిసి కొలిచిన 46 లక్షల నక్షత్రాల పట్టికలు గ్రంథాలయాల్లో దుమ్ము కొట్టుకుని ఉండిపోయాయి. యూరప్ 1989లో హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపాక వాటి దశ తిరిగింది. నక్షత్రం ఈరోజు ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది. ఎటు కదులుతోందో తెలియాలంటే దశాబ్దాల కిందట ఎక్కడుందో కూడా తెలియాలి. 2000లో విడుదలైన టైకో-2 అనే 25 లక్షల నక్షత్రాల పట్టికకు ఆ పాత కొలతలే ఆధారమయ్యాయి. బేగంపేటలో గాజు పలకల మీద వంగి కూర్చున్న గుమస్తాల అంకెలు ఆ విధంగా అంతరిక్ష యుగంలో పనికొచ్చాయి.

అంతర్జాతీయ పరిశోధన కూటముల గురించి మన దగ్గర జరిగే చర్చలో ఈ కథ రావాల్సింది, రాదు. వినిపించేవి రెండే మాటలు. ఒకటి మురిపెం: మనవాళ్లు ఫలానా ప్రయోగంలో ఉన్నారట, ఎంత గొప్ప! రెండోది వెటకారం: వెయ్యిమందిలో ఒకడి పేరు, ఏడాదికో విదేశీ ప్రయాణం, అంతకు మించి ఏముంది? రెండూ ఒకే ప్రశ్నను దాటేస్తాయి. కూటమిలో ఆ శాస్త్రవేత్త వాటా ఏమిటి? హైదరాబాద్‌కు ఆకాశంలో ఆరు డిగ్రీల పట్టీ ఉంది. అది హైదరాబాద్ చేయకపోతే అక్కడ ఖాళీ మిగిలేది. కూటమి వల్ల శాస్త్రవేత్త పనికీ, జీవితానికీ కలిగే మేలంతా ఇలా తనకంటూ ఒక పట్టీ ఉన్నప్పుడే దక్కుతుంది. లేనివాడు అక్కడ అతిథి, అంతే.

ఆ వేధశాల ఆవరణలోనే ఒక పిల్లవాడు పెరిగాడు. తండ్రి అక్కడ సహాయకుడు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లిన వేణు బప్పు 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను పట్టుకున్నారు. దానికి ఆయన పేరుతో పాటు మరో ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు బోక్, న్యూకిర్క్‌ల పేర్లు కలిపి పెట్టారు. తర్వాత అమెరికాలోనే ఓలిన్ విల్సన్‌తో కలిసి నక్షత్రాల కాంతిలోని ఒక రేఖ వెడల్పుకీ, ఆ నక్షత్రపు అసలు ప్రకాశానికీ ఉన్న లంకెను 1957లో ప్రకటించారు. అది నేటికీ 'విల్సన్-బప్పు' పేరుతోనే పాఠ్యపుస్తకాల్లో ఉంది. అక్కడే స్థిరపడే అవకాశం ఉన్నా తిరిగి వచ్చి, తమిళనాడులోని కావలూరులో వేధశాల కట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడైన తొలి భారతీయుడు ఆయనే. ప్రతిభ ఆయనదే, కాదనలేం. ప్రపంచంతో పని పంచుకుంటున్న ఇంట్లో పెరగడం మాత్రం అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఇప్పటి సంగతికి వద్దాం. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ 'ఇన్‌పీటీఏ' అనే భారత-జపాన్ బృందంలో భాగం. పుణెలోని రేడియో ఖగోళ పరిశోధన సంస్థ ఎన్‌సీఆర్‌ఏకు చెందిన భాల్‌చంద్ర జోషి మొదలుపెట్టిన బృందం ఇది. వీళ్లు చూసేవి పల్సార్‌లు. సెకనుకు వందల సార్లు తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక రేడియో స్పందన పంపే మృత నక్షత్రాలివి. గడియారాల్లా నమ్మదగినవి. విశ్వంలో రాక్షస కృష్ణబిలాలు జంటలుగా తిరిగినప్పుడు పుట్టే గురుత్వ తరంగాలు మనల్ని దాటుతుంటే, ఈ స్పందనలు రావలసిన సమయానికి అతి స్వల్పంగా ముందో వెనకో వస్తాయి. ఆ తేడా సెకనులో పది లక్షలో వంతు కన్నా తక్కువ. తరంగం ఒక్కసారి లేచి పడటానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి, ఎన్నో పల్సార్‌లను, ఎన్నో టెలిస్కోపులతో గమనించాల్సిందే.

ఇదే పని చేస్తున్న యూరప్ బృందం దగ్గర దాదాపు 25 ఏళ్ల సమాచారం ఉంది. జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, నెదర్లాండ్స్‌లలో అయిదు పెద్ద టెలిస్కోపులున్నాయి. ఇంకేం తక్కువ? పల్సార్ నుంచి మన దాకా వచ్చే దారిలో అంతరిక్షంలో చెల్లాచెదురుగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. అవి రేడియో తరంగాన్ని కాస్త ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యాన్ని సరిగ్గా తీసేయకపోతే గురుత్వ తరంగం ఏదో, దారిలోని అడ్డంకి ఏదో తెలియదు. తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఈ ఆలస్యం బాగా ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ కొలిస్తేనే లెక్క తేలుతుంది. పుణె-నాసిక్ దారిలో నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్‌లో, ఒక్కోటి 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లతో నిలిచిన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు సరిగ్గా అందులోనే దిట్ట. 300 నుంచి 500 మెగాహెర్ట్జ్ మధ్య దానికున్న సున్నితత్వం ఆ అయిదింటికీ లేదు.

2023 జూన్ 29న యూరప్ బృందం, ఇన్‌పీటీఏ కలిసి ఫలితాలు ప్రకటించాయి. అదే రోజు అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలూ తమ తమ ఫలితాలు వెల్లడించాయి. విశ్వమంతా నిండిన నెమ్మదైన గురుత్వ తరంగాల హోరుకు ఆధారాలు దొరికాయని అందరూ చెప్పారు. యూరప్ వాళ్ల 25 పల్సార్‌లలో పదింటికి భారత సమాచారం జోడించారు. మూడున్నరేళ్ల మన కొలతలు పాతికేళ్ల వాళ్ల కొలతల పక్కన చిన్నవే. కానీ వాళ్ల దగ్గర లేనివి. ఐఐటీ హైదరాబాద్ బృందంలో అధ్యాపకులతో పాటు బీటెక్, పీహెచ్‌డీ విద్యార్థులూ ఉన్నారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని బీటెక్ పిల్లలు ప్రపంచం ఎదురుచూస్తున్న ఫలితంలో లెక్కలు చేశారంటే అది ఒక్క సంస్థ సొంత గోడల మధ్య జరిగేది కాదు.

ఇందులో విద్యార్థికి దొరికేదేమిటి? పేపర్ మీద పేరు అందరికీ కనిపించే లాభం, అందులో చిన్నదీ అదే. వారానికోసారి జరిగే ఆన్‌లైన్ సమావేశంలో తన గ్రాఫ్ పెట్టినప్పుడు, బాన్‌లోనో మాంచెస్టర్‌లోనో కూర్చున్న ఒకరు "ఆ మూడో చుక్క ఎందుకలా ఉంది?" అని అడుగుతారు. జవాబు చెప్పలేకపోతే వచ్చే వారానికి చెప్పాలి. తను రాసిన ప్రోగ్రామ్‌ను మరో దేశంలో ఇంకొకరు నడిపి చూస్తారు. అంకె కలవకపోతే తప్పు ఎవరిదో తేలేదాకా ఇద్దరికీ నిద్ర ఉండదు. సొంత విభాగంలో తన విషయం తెలిసినవాళ్లు గైడ్‌తో కలిపి ఇద్దరో ముగ్గురో ఉండే చోట ఈ శిక్షణ డబ్బు పెట్టినా దొరకదు. ఆపై పోస్ట్‌డాక్‌కు దరఖాస్తు చేసుకున్నప్పుడు సిఫారసు లేఖ రాసేది అతని పనిని రెండేళ్లుగా కళ్లారా చూసినవాళ్లు. శాస్త్రలోకంలో ఉద్యోగాలు చాలావరకు ఇలాంటి పరిచయాల మీదే నడుస్తాయి. అది న్యాయమా అంటే పూర్తిగా కాదు. అయినా ఆ పరిచయ వలయానికి బయట ఉండిపోయిన వాళ్లకు జరిగే అన్యాయం ఇంకా పెద్దది.

వెనక్కి వెళ్తే ఒక తెలుగువాడు కనిపిస్తాడు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, ఆ పని దొరకక 1941లో మహలనోబిస్ నడిపే భారత గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు. 1945లో కలకత్తా గణిత సమాఖ్య పత్రికలో ఆయన అచ్చు వేసిన ఒక్క వ్యాసం నుంచి గణాంకశాస్త్రానికి రెండు మూలస్తంభాలు వచ్చాయి: క్రామెర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. అయితే ఆ పత్రికను ప్రపంచంలో ఎంతమంది చదివి ఉంటారు? మరుసటి ఏడాదే కేంబ్రిడ్జ్ నుంచి కబురొచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. రెండు జన సమూహాలు ఎంత దగ్గరో, ఎంత దూరమో తేల్చే మహలనోబిస్ పద్ధతి వాటికి వాడాలి. అది తెలిసినవాళ్లు కావాలి. రావు వెళ్లారు. పగలు మ్యూజియంలో ఎముకల లెక్కలు. మిగిలిన వేళ ఆ రోజుల్లో గణాంకశాస్త్రానికి పెద్దదిక్కైన రొనాల్డ్ ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల జన్యువుల పని. 1948లో ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ. మహలనోబిస్ మనిషి కాబట్టే ఆ పిలుపు వచ్చింది, కలకత్తాలో పుట్టిన పద్ధతి చేతిలో ఉంది కాబట్టే ఆ పని దక్కింది. తిరిగొచ్చి కలకత్తా సంస్థను ఆయన ఎక్కడికి తీసుకెళ్లారో గణాంకశాస్త్రం చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2023లో 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నప్పుడు, బహుమతి ఇచ్చినవాళ్లు ప్రధానంగా ఎత్తిచూపింది ఆ 1945 నాటి వ్యాసాన్నే.

వాటా ఉన్నవాడికి ఇంకొకటి దక్కుతుంది: కాదనే హక్కు. దీనికి ఉదాహరణ హైదరాబాద్ హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. భారతదేశంలోని వందలాది సముదాయాల నుంచి సేకరించిన వేల డీఎన్ఏ నమూనాలు అక్కడ ఉన్నాయి. జనాభా చరిత్రను జన్యువుల్లో చదివే కొత్త గణిత పద్ధతులు హార్వర్డ్‌లో జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్ దగ్గర ఉన్నాయి. సీసీఎంబీ నుంచి లాల్‌జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి రైక్ బృందం చేతులు కలిపాయి. 2008 అక్టోబరులో రైక్ హైదరాబాద్ వచ్చినప్పుడు తొలి ఫలితాల మీద పెద్ద వాదమే జరిగింది. భారతీయుల పూర్వీకుల్లో ఒక పాయను ఆయన పశ్చిమ యురేషియా వాళ్లుగా వర్ణించారు. మన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఈ సమాచారం నుంచి వలస ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు జరిగిందో తేలదు, తేలనిది తేలినట్టు చెప్పొద్దన్నారు. చివరికి ఉత్తర, దక్షిణ భారత పూర్వ జనాభాలుగా రెండు పాయలను చూపే నమూనాకు అందరూ ఒప్పుకున్నారు. తన శాస్త్ర జీవితంలో అంత ఉద్రిక్తత అనుభవించిన రోజు లేదన్నట్టు రైక్ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. 25 సముదాయాలకు చెందిన 132 మంది నమూనాల మీద ఆ వ్యాసం 2009లో నేచర్‌లో వచ్చింది. తర్వాతి ఏళ్లలో ప్రాచీన డీఎన్ఏ దొరికాక వలసల కథ మరింత స్పష్టమైంది, మన శాస్త్రవేత్తల అభ్యంతరాల్లో కొన్ని నిలవలేదు కూడా. అయినా ఆ వాదన జరగడమే ముఖ్యం. నమూనాలు పార్సెల్ చేసి, పేపర్‌లో ఎక్కడో చివర పేరు వేయించుకునే సంబంధమైతే ఆ గదిలో అలా గొంతెత్తే వీలుండేది కాదు.

ఆ స్నేహం నుంచే 2017లో నేచర్ జెనెటిక్స్ వ్యాసం వచ్చింది. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్న 81 దక్షిణాసియా సముదాయాలకు మూలపురుషులు చాలా కొద్దిమందేనని, అందువల్ల వాటిలో కొన్ని జన్యు వ్యాధులు ఎక్కువగా ఉండే అవకాశముందని అది చూపించింది. అందులో తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ వైశ్యులది. శస్త్రచికిత్సలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్లలో కొందరికి తక్కువ. మత్తు వదిలినా ఊపిరి త్వరగా రాదు. ఈ సంగతి మత్తు డాక్టర్లకు అనుభవంలో ముందే తెలుసు. ఆ సముదాయంలోనే ఎందుకో జన్యుశాస్త్రం చెప్పింది. ఇలాంటి జ్ఞానం మన ఆసుపత్రులకు చేరాలంటే నమూనా ఇక్కడ, లెక్క అక్కడ, ప్రశ్న రెండు చోట్లా ఉండాలి.

వెటకారం చేసేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద జెనీవాలోని సెర్న్ ప్రయోగశాల బృందాలు రెండు కలిసి వేసిన వ్యాసంలో 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ, సంస్థలే. అందులో ఒకరు ఏం చేశారో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలియదు. లోపలివాళ్లకు మాత్రం బాగా తెలుసు. ఏ డిటెక్టర్ భాగానికి ఎవరు కాపలా, ఏ విశ్లేషణకు ఎవరు బాధ్యులు అన్నది అక్కడ రాసి ఉంటుంది. మన నియామక సంఘాలు అది అడిగి తెలుసుకోవు, అదీ చిక్కు. యూజీసీ 2018 నిబంధనల్లో పరిశోధన మార్కుల లెక్క చూడండి: ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలిన ఒక్కొక్కరికి 30 శాతం. వెయ్యి పేర్లు అక్షర క్రమంలో ఉన్న వ్యాసంలో మొదటి రచయిత ఎవరు? 'అ'తో పేరు మొదలైనవాడా? అదే సూత్రం రెండో వైపు నుంచి చూస్తే, ఏమీ చేయకుండా పేరు చేర్పించుకున్నవాడికీ, మూడేళ్లు రాత్రులు మేల్కొని పని చేసినవాడికీ ఒకే 30 శాతం.

కూటమిలో బృంద నాయకుడు రాసిచ్చే పని వివరాన్ని నియామక సంఘం ముందు పెట్టనిస్తే చాలు, సగం సమస్య తీరుతుంది. అది ఖర్చు లేని పని.

ఖర్చుతో కూడిన పని మిగతా సగం. పైన చెప్పిన ఇప్పటి సంస్థలు, ఐఐటీ అయినా సీసీఎంబీ అయినా, కేంద్రానివే. తెలుగు విద్యార్థుల్లో అత్యధికులు చదివే రాష్ట్ర విశ్వవిద్యాలయాల మాటేమిటి? ఇక్కడొక చేదు వింత ఉంది. బేగంపేట వేధశాల 1919 నుంచి ఉస్మానియాది. నగరం వెలుతురు పెరిగితే ఉస్మానియా జపాల్-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం నీడ అటువైపు నుంచి వెళ్లినప్పుడు శాస్త్రవేత్తలు అక్కడే మకాం వేశారు. ఆ టెలిస్కోపు ఏళ్లుగా నిరాదరణలో ఉంది. వందేళ్ల కిందట పారిస్ లెక్కలో ఉన్న విశ్వవిద్యాలయం ఇవాళ పుణె లెక్కలోకి రావడానికే కష్టపడుతోంది.

దీనికి కారణం తెలివి లేకపోవడం కాదు. అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ, ఉన్నవాళ్ల మీద తరగతుల భారం, ప్రయాణ ఖర్చు ఫైలు కదిలేసరికి సమావేశం అయిపోవడం. జర్నల్స్ చదివే వీలు లేదన్న పాత బాధ 2025లో 'ఒకే దేశం, ఒకే చందా' పథకం మొదలయ్యాక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు చాలావరకు తీరింది. కానీ వ్యాసం చదవడం వేరు, రాసే బృందంలో ఉండటం వేరు. గురుత్వ తరంగాలను పట్టే లైగో సమాచారం ఎవరికైనా ఉచితంగా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అనంతపురంలోనో వరంగల్‌లోనో ఒక ఎమ్మెస్సీ విద్యార్థి ఈ రాత్రే దించుకుని మొదలుపెట్టొచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు. పక్కన కూర్చుని చెప్పే ఒక అధ్యాపకుడు, ఆ అధ్యాపకుడికి వారానికి రెండు క్లాసులు తగ్గించే ఒక విభాగాధిపతి, ఏడాదికి ఇద్దరు పిల్లల్ని పుణెకో బెంగళూరుకో మూడు నెలలు పంపే చిన్న నిధి కావాలి.

త్వరపడాల్సిన కారణం కూడా ఉంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా వేధశాలకు కేంద్రం 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలతో పూర్తి అనుమతి ఇచ్చింది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో కడుతున్న ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపులో చేరడానికి 2024 జనవరిలో 1,250 కోట్లు ఒప్పుకుంది. రెండింటిలోనూ ఎవరు ఏ పని చేయాలన్న పంపకం ఇప్పుడే, ఈ నిర్మాణ కాలంలోనే జరుగుతోంది. హింగోలి యంత్రం పని మొదలుపెట్టే నాటికి పీహెచ్‌డీ చేతిలో ఉండాల్సినవాళ్లు ఇప్పుడు డిగ్రీ, పీజీ తరగతుల్లో ఉన్నారు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలకు ఆ పనిలో ఏదో ఒక భాగం, ఒక సాఫ్ట్‌వేరో, ఒక పరికరపు పరీక్షో, కొన్ని పల్సార్‌ల లెక్కో రాసి ఇవ్వమని అడగాల్సింది రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు. అడగాలంటే ముందు ఆ విభాగాల్లో ఖాళీ కుర్చీలు నిండాలి.